అంచు దాటిన తీగ

పెద్దల్లుడు చెక్కిన అంచు గీత మీద ఒకసారి ఒక చీమ నడక మొదలుపెట్టింది. ఎంత దూరం పోయినా ఆ గీత ఎక్కడా వణకలేదు, ఎక్కడా తెగలేదు. ట్రంపెట్ మూతి చుట్టూ నాలుగు చుట్లు తిరిగి, ఇది ఇప్పట్లో తేలే వ్యవహారం కాదనుకుని చీమ అక్కడే పడుకుని నిద్రపోయింది. కార్ఖానాలో ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. కళ్లారా చూసిన సాక్షులు ఆరుగురున్నారు. వాళ్లలో ఇద్దరు ఆ రోజు సెలవులో ఉన్నారు గానీ, చూడడం మాత్రం చూశారు.

అది ఊదే వాయిద్యాలు తయారుచేసే కార్ఖానా. కింది అంతస్తులో ఇత్తడి రేకుల్ని కొట్టి, వంచి, అతికి ట్రంపెట్లూ శాక్సొఫోన్లూ చేస్తారు. ఆ మోతకి అలవాటుపడి, కింద పనిచేసేవాళ్లు ఇంటికెళ్లాక కూడా పెళ్లాంపిల్లలతో అరిచే మాట్లాడతారు. పై అంతస్తులో నగిషీ పని. గొట్టం చివర పువ్వులా విచ్చుకున్న మూతి మీద, వేళ్లతో నొక్కే మీటల మీద, సన్నటి ఉలితో లతలూ ఆకులూ పిట్టలూ చెక్కుతారు. సుత్తి వాడరు. ఉలి పిడి అరచేతిలో ఒదిగి ఉంటుంది, బొటనవేలు దానికి కళ్లెం. ఇసుక నింపిన తోలు సంచి మీద ట్రంపెట్‌ని పడుకోబెట్టి ఎడమచేత్తో మెల్లగా తిప్పుతూ ఉంటే, ఉలి ముందు ఇత్తడి రింగుల జుట్టులా చుట్టుకుంటూ లేస్తుంది. ఆ గదిలో తుమ్ము వచ్చినవాడు మెట్లు దిగి వెళ్లి తుమ్మి రావాలి.

గదిలో బల్లలు ఐదు. కిటికీ ఒక్కటే. మిగతా నాలుగింటికీ దీపాలున్నాయి, కానీ దీపం కింద ఇత్తడి అబద్ధాలాడుతుంది. మెరుపు కళ్లలో కొట్టి, గీత లోతెంతో తెలియనివ్వదు. కిటికీ వెలుగు అలా కాదు, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. ఆ కిటికీ పక్క బల్ల నలభై ఏళ్లుగా మావగారిది. ఆయన చెక్కిన పువ్వు మీద ఒక తుమ్మెద వాలి, తేనె దొరక్క మూడు రోజులు అలిగి కూర్చుందని కార్ఖానాలో అంటారు. మూడు కాదు, రెండే రోజులని ఆయన సవరిస్తారు. అబద్ధమంటే ఆయనకు గిట్టదు.

పెద్దల్లుడు మీసాలు సరిగా రాని వయసులో ఆ గదిలోకి వచ్చాడు. మొదటి రెండేళ్లూ సానరాయి మీద ఉలి నూరడమే పని. మూడో ఏడు ఒట్టి గీతలు. తోటివాళ్లు గీతలు దాటి ఆకులకూ, ఆకులు దాటి పువ్వులకూ వెళ్లిపోయారు. అతను మాత్రం గీత దగ్గరే ఆగిపోయాడు. గీతని అలా ప్రేమించినవాడు అంతకుముందు లేడు, తరవాత పుట్టబోడు. ట్రంపెట్ మూతి చుట్టూ రెండు సన్న గీతలు, వాటి మధ్య వెంట్రుకవాసి ఖాళీ, మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిస్తే అతుకు ఎక్కడో దేవుడికి కూడా తెలియదు. ఇరవై నాలుగేళ్లలో అతని చెయ్యి ఒక్కసారి కూడా జారలేదు. ఆ అంచు చూసే మావగారు తన పెద్ద కూతుర్ని ఇచ్చారు. పెళ్లిచూపులకి ఆయన భూతద్దం పట్టుకుని వెళ్లి, ఆరేళ్లు ఒకే గదిలో పనిచేసినా ఎన్నడూ చూడని అబ్బాయి మొహం అప్పుడూ చూడకుండా, వేళ్లు చూసి సరేనన్నారట. మొహం చూసి ఉంటే ఏమనేవారో తెలియదని అతని భార్య ఇప్పటికీ అంటూ ఉంటుంది.

మావగారికి ఒక పద్ధతి ఉంది. ఇంట్లో భోజనాల దగ్గర అల్లుణ్ణి మీరు అంటారు, మర్యాద. పనిలో బల్ల దగ్గర నువ్వు అంటారు, అది చనువు. ఈ రెండూ ఆయన ఎన్నడూ కలపలేదు. బల్ల దగ్గర నువ్వు అనిపించుకోవడం కోసమే పెద్దల్లుడు జ్వరమొచ్చినా పనికి వెళ్లేవాడు.

పన్నెండేళ్లు అతను ఆ ఇంటికి ఒక్కగానొక్క అల్లుడు. తరవాత మరదలి పెళ్లయింది. ఒక్క పూటలో అతను పెద్దల్లుడైపోయాడు. పెద్ద అనే మాట గౌరవమే కదా అని చుట్టాలన్నారు. అతనికి మాత్రం తను కూర్చున్న కుర్చీని సగానికి కోసి పక్కవాడికి ఇచ్చినట్టు అనిపించింది.

ఆ పక్కవాడు, అంటే చిన్నల్లుడు, అంతకుముందు తాళాల దుకాణంలో తాళంచెవుల మీద అంకెలు చెక్కేవాడు. పెళ్లితోపాటు నగిషీ గదిలోకీ వచ్చాడు. ఉలి సరిగా నూరడు. పెన్సిలుతో ముందు గీసుకోడు. కూనిరాగం తీస్తూ, ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ మొదలుపెడతాడు. ఏడాది తిరక్కుండానే పిట్టలు చెక్కడం మొదలుపెట్టాడు. అవి ఎలాంటి పిట్టలంటే, శాక్సొఫోన్‌ని పెట్టెలో సర్దేవాళ్లు, పాపం ఊపిరాడదేమోనని మూతకి రెండు కన్నాలు పెట్టారు.

ఇక పెద్దల్లుడి కడుపులో రేగిన మంట మీద ఆరేళ్లపాటు వంట చేసుకోవచ్చు. వాడి టీ గ్లాసు తన గ్లాసు కంటే నిండుగా కనబడేది. వాడి సంచిలో ఇసుక తన సంచిలో ఇసుక కంటే మెత్తగా కనబడేది. వాడి కూనిరాగం ఇంటికొచ్చినా చెవిలోంచి పోయేది కాదు. ఒకరోజు మావగారింట్లో భోజనాల దగ్గర లెక్కపెట్టాడు. ఆయన చిన్నల్లుడి పేరెత్తింది పదకొండుసార్లు, పెద్దల్లుడి పేరెత్తింది నాలుగుసార్లు. ఆ నాలుగులో ఒకటి తలుపు వెయ్యమని చెప్పడానికి.

ఇంటికొచ్చాక ఈ లెక్క భార్యకి అప్పజెప్పాడు.

"తలుపు వెయ్యమన్నది కూడా లెక్కేశారా?" అంది ఆవిడ.

"వెయ్యకపోతే మూడే."

"మా మరిది పిట్టలు చెక్కుతాడు, మీరు మాటలు లెక్కపెడతారు. ఎవరి పనితనం వారిదిలెండి." ఆవిడ అటు తిరిగి పడుకుంది. ఆవిడ భుజాలు నవ్వుతో కదలడం అతనికి కనబడుతూనే ఉంది.

ఇలా ఉండగా మావగారి చూపు మందగించింది. ఆకుకీ ఆకుకీ మధ్య సందు మసకగా ఉంటోందని, ఈ నెలాఖరుకి బల్ల వదిలేస్తానని ఆయన యజమానితో చెప్పారు. కిటికీ పక్క ఎవరు కూర్చోవాలో ఆయన్నే చెప్పమన్నాడు యజమాని. సరిగ్గా అప్పుడే ఒక బ్యాండు మేళం నుంచి రెండు ట్రంపెట్లకి నగిషీ పని వచ్చింది. అల్లుళ్లిద్దరూ చెరొకటి చెయ్యండి, ఏం చెక్కాలో మీ ఇష్టం, రెండూ పూర్తయ్యాక తడిమి చూసి బల్ల ఎవరిదో చెబుతానన్నారు మావగారు. చూపు పోతున్నా ఆయన బొటనవేలు ఉంది. ఆ వేలితో ఆయన గీత లోతే కాదు, గీసినవాడు ఆ పూట తిన్నాడో లేదో కూడా చెప్పగలరు.

పెద్దల్లుడు ఇరవై నాలుగేళ్లుగా గుమ్మం పక్క దీపం కింద కూర్చుని ఆ కిటికీ వంకే చూస్తున్నాడు. ఆ వెలుగులో తన అంచు ఎలా ఉంటుందో ఊహించుకోని రోజు లేదు. ఆ బల్ల వేరొకడికి, అందులోనూ తాళాలవాడికి పోతే, ఆ గదిలో ఇక ఏ మొహం పెట్టుకుని కూర్చుంటాడు.

అతను రెండు చేపల్ని ఎంచుకున్నాడు. గీతల మనిషి కదా, నీటి అలలు తనకి కొట్టినపిండి. చుట్టూ తన అంచు ముందే వేసేశాడు. చిన్నల్లుడు ఎప్పటిలాగే కూనిరాగంతో ఒక పిట్టని మొదలుపెట్టి, పదోరోజుకే ముగించాడు. మెరుగుపెట్టే ఆవిడ ఆ ట్రంపెట్ అందుకుని, గుడ్డతో తుడవబోయి ఆగిపోయింది. అందరూ మూగారు. పిట్ట తోక దగ్గర్నుంచి ఒక సన్నని తీగ బయలుదేరి, ఎవరూ అనుకోని చోట, అంచు గీతని దాటి బయటికి పోయి, అక్కడ చుట్ట చుట్టుకుని ఆగింది. గోడ దూకి వీధిలోకి తొంగిచూసిన మల్లెతీగలా ఉంది. పిట్ట సంగతి అందరూ మరిచిపోయారు. అంచు దాటించాలనే ఆలోచన అసలు ఎవరికొస్తుంది అన్నాడు యజమాని. ఆ తీగని చూస్తే ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపిస్తోందని మెరుగుపెట్టే ఆవిడ అంది. చిన్నల్లుడు మాత్రం తల దించుకుని మెడ గోక్కున్నాడు. అది చూసి, అబ్బో, వినయం కూడా ఉందే అనుకున్నాడు పెద్దల్లుడు. కళ్లలో కారం పడ్డట్టయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆ తీగ గురించి మొదట ఎత్తింది అతని భార్యే. చెల్లెలు చెప్పిందట. అతను ముద్ద మింగలేకపోయాడు.

మర్నాడు తన చేపల్ని చూసుకుంటే బతికున్న చేపల్లా అనిపించలేదు. అలలు అలల్లానే ఉన్నాయి, అంచు అంచులానే ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ సరిగ్గా ఉండడమే అతనికి అసహ్యమేసింది.

నగిషీ గదిలో ఒక కట్టుబాటు ఉంది. చెక్కిన పని బయటికి వెళ్లేలోగా, గీతల్లో మసి రుద్ది, పైన జిగురు టేపు అంటించి లాగితే, చెక్కినదంతా టేపు మీదికి వస్తుంది. దాన్నే మసి అంటారు, పుస్తకంలో అంటించుకుంటారు. ఎవరి మసి వారే తీసుకోవాలి. అడక్కుండా ఒకడి మసి ఇంకొకడు తీశాడంటే, వాడితో ఆ గదిలో ఎవరూ టీ తాగరు. కావాలంటే అడగొచ్చు. ఇష్టముంటే ఇస్తారు, లేకపోతే లేదు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కిందికి దిగారు. పెద్దల్లుడు కళ్లజోడు మరిచిపోయానని వెనక్కి వచ్చాడు. కళ్లజోడు అతని నెత్తి మీదే ఉంది. చిన్నల్లుడి ట్రంపెట్ మీద గుడ్డ తీశాడు, మసి రుద్దాడు, టేపు అంటించాడు, లాగాడు, గుడ్డతో తుడిచాడు. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. తీగ టేపు మీద నల్లగా, సజీవంగా వచ్చింది. చొక్కా జేబులో పెట్టుకుంటే అక్కడ కూడా కదులుతున్నట్టే అనిపించింది.

పిట్టని తను ముట్టుకోలేదు కాబట్టి దొంగతనం కాదని తనకి తనే తీర్పు చెప్పుకున్నాడు. తీగ ఒక్కటే కదా. తన చేపల పక్కన, మూతి ఒంపు తిరిగే చోట, టేపుని అదిమి మసి ముద్ర దింపాడు. అప్పుడు కనబడింది అసలు చిక్కు. తీగ దాటాలంటే అంచుని కొయ్యాలి. తన అంచుని. ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తెగనిదాన్ని.

చాలాసేపు ఉలి పట్టుకుని కూర్చున్నాడు. కూనిరాగం వినబడుతోంది. కోశాడు.

నెలాఖరు రోజు మావగారు కిటికీ పక్క చివరిసారి కూర్చున్నారు. రెండు ట్రంపెట్లూ ఆయన ముందు పెట్టారు. గదంతా చుట్టూ నిలబడింది. ఆయన కళ్లు మూసుకుని ముందు చిన్నల్లుడి పని మీద బొటనవేలు పెట్టారు. పిట్ట రెక్క, మెడ, తోక. తీగ మొదట్లో వేలు ఒక్క క్షణం ఆగింది. "ఊఁ" అన్నారు, ఒక పక్క పెదవితో నవ్వారు, ట్రంపెట్ పక్కన పెట్టారు.

తరవాత పెద్దల్లుడిది. అంచు మీద వేలు పెట్టగానే ఆయన మొహం విచ్చుకుంది. వేలు చుట్టూ జారుతూ వెళ్లింది, వెళ్లింది, ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లింది. మూడుసార్లు అలా తడిమారు. తరవాత కళ్లు తెరిచారు.

"పెద్దల్లుడుగారూ," అన్నారు. "మీరు ఇక్కడ జారారా?"

బల్ల దగ్గర మీరు అనడం అందరూ విన్నారు.  జారానని ఒక్క మాట అంటే పెద్దల్లుడు బయటపడేవాడు. కానీ ఇరవై నాలుగేళ్ల పొగరు అతని నోట్లోంచి తానే మాట్లాడేసింది.

"లేదు మావయ్యా. నేను జారను."

"మరి జారకుండా ఈ తీగ ఎలా మొలిచింది?"

ఎవరికీ అర్థం కాలేదు, చిన్నల్లుడికి తప్ప. వాడి చెవులు ఎర్రబడ్డాయి. మావగారు తొందరపడకుండా విప్పి చెప్పారు. మూతి ఒంపు తిరిగే చోట ఉలి చేతిని ఇత్తడికి ఆనించే ఉంగరపు వేలికి పట్టు తప్పుతుంది. ఆ గదిలో పెద్దల్లుడు తప్ప అందరూ ఎప్పుడో ఒకప్పుడు జారింది అక్కడే. తను జారినప్పుడు అక్కడొక ఆకు చెక్కి దాచుకున్నారు. చిన్నల్లుడూ అక్కడే జారాడు. ఉలి అంచు దాటి బయటికి గీసుకుపోయింది. ఆ గీకుని దాచడానికి దాన్ని తీగ చేశాడు. అందుకే వాడి తీగ మొదట్లో పల్చగా, అంచు దాటాక లోతుగా ఉంది. పెద్దల్లుడి తీగ మొదటినుంచి చివరిదాకా ఒకటే లోతు. బంగారం లాంటి గీత.

"వాడు మచ్చ పడితే బొట్టు పెట్టి దాచుకున్నాడు," అన్నారు మావగారు. "మచ్చ లేని మొహానికి మీరు మచ్చ తెచ్చి పెట్టుకున్నారు. అంచు కోసి మరీ."

అడక్కుండా మసి తీశాడని వేరే చెప్పనక్కర్లేకపోయింది. మెరుగుపెట్టే ఆవిడ కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టింది. పెద్దల్లుడు తన చేతుల వంక చూసుకున్నాడు. ఆరేళ్లు తను ఏడ్చి ఏడ్చి, చివరికి వాడి గొప్పతనం అనుకుని ఎత్తుకొచ్చింది వాడి తప్పునా.

అప్పుడు చిన్నల్లుడు గొంతు సవరించుకున్నాడు. ఆ గదిలో వాడు కూనిరాగం లేకుండా ఉండడం అదే మొదటిసారి.

"అన్నయ్యా, నేనెందుకు జారానో తెలుసా? మీ అంచులాంటిది వేద్దామనుకున్నా. పెన్సిల్ లేకుండా, ఆగకుండా, ఒకే చుట్టు. ఆరేళ్లనుంచి ప్రయత్నిస్తున్నా. ప్రతిసారీ అక్కడే జారతా. నా పిట్టల చుట్టూ ఉన్న ఆకులన్నీ అవే." ఇంక ఆగలేనట్టు మిగతాది కూడా కక్కేశాడు. "ఇంట్లో మావయ్య మీ అంచు గురించి చెబుతుంటే నాకు అన్నం దిగేది కాదు."

పెద్దల్లుడికి ఆ క్షణంలో సిగ్గు ఒక పక్క చంపుతోంది. ఇంకో పక్క, ఎవరితోనూ చెప్పుకోలేని చల్లదనం ఒకటి కడుపులోకి దిగింది. వాడికీ అన్నం దిగలేదు. తనొక్కడే కాదు. కానీ ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు. వెంటనే కొత్త మంట. ఓర్వలేక వాడు తప్పు చేస్తే దానికి తీగ మొలిచింది. ఓర్వలేక తను తప్పు చేస్తే దొంగయ్యాడు. చివరికి ఏడవడంలో కూడా వాడే నయం.

మావగారు లేచారు. కుర్చీ మీద ఉన్న తన గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నారు.

"బల్ల చిన్నోడిది," అన్నారు. "జారేవాడికి వెలుగు కావాలి." తరవాత పెద్దల్లుడి ట్రంపెట్‌ని అతని చేతిలో పెట్టారు. "నీకెందుకు వెలుగు, నువ్వు కళ్లు మూసుకుని గీస్తావు. జారనన్నావు కదా, ఇదిగో, ఇదే నీ జారుడు. మేమందరం దాచుకున్నట్టే నువ్వూ దాచుకో."

నువ్వు అన్నారు. పెద్దల్లుడికి బల్ల పోయిన బాధ కంటే ముందు ఆ మాట చెవికి తగిలింది.

మూడు రోజులు అతను గుమ్మం పక్క, దీపం కింద, ఆ ట్రంపెట్‌ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చెక్కినదాన్ని అరగదీస్తే ఇత్తడి పల్చబడి స్వరం పాడవుతుంది. ఉన్నదానితోనే ఏదో ఒకటి చెయ్యాలి. ఎవరూ అతనితో టీ తాగలేదు. ఇంట్లో భార్యకి విషయం తెలిసి, ఆవిడ ఎగతాళి చెయ్యడం మానేసింది. చేస్తే బాగుండుననిపించింది.

నాలుగోరోజు ట్రంపెట్‌ని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుంటే, తన అంచు తనకే నీటి మట్టంలా కనబడింది. అంచుకి లోపల నీళ్లు, చేపలు. బయట ఒడ్డు. తీగ ఒడ్డు మీంచి నీళ్లలోకి దిగుతోంది. అతను ఉలి తీసుకుని తీగ కొసని పెద్ద చేప నోటిదాకా పొడిగించాడు. అక్కడ గింజంత గాలపు కొక్కెం చెక్కాడు. అంచు తెగిన చోట, దారం నీటిని తాకితే లేచే చిన్న చిన్న వలయాలు మూడు వేశాడు. పైన, ఒడ్డు మీద, దారం చుట్ట చుట్టుకుని పడి ఉంది. గాలం వేసినవాడు ఎక్కడా లేడు. చేప మొహం మాత్రం, ఎవరి ఎరకో ఆశపడి నోరు తెరిచి ఇరుక్కుపోయినవాడి మొహంలా ఉంది. ఎవరి మొహమో అతనికి తెలుసు. గదిలో అందరికీ వినబడేలా నవ్వాడు.

మెరుగుపెట్టే ఆవిడ ఆ నవ్వుకి లేచి వచ్చింది. ట్రంపెట్ చూసింది, అతని మొహం చూసింది, మళ్లీ చేప మొహం చూసింది. వెళ్లి రెండు గ్లాసుల టీ తెచ్చి, ఒకటి అతని ముందు పెట్టింది. ఆ ట్రంపెట్ ఊదినప్పుడల్లా బ్యాండు మేళం ముందు వరసలో కూర్చున్నవాళ్ల మీద నీటి తుంపర్లు పడతాయని తరవాత రోజుల్లో చెప్పుకున్నారు. అందులో కొంత అతిశయోక్తి ఉండొచ్చు. ముందు వరసలో ఎప్పుడూ ముగ్గురే ఉంటారు.

ట్రంపెట్ పెట్టెలోకి వెళ్లేముందు, మధ్యాహ్నం భోజనాల వేళ, గదిలో అల్లుళ్లిద్దరే ఉన్నారు. చిన్నల్లుడు కిటికీ పక్కనుంచి లేచి, గుమ్మం పక్క బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆ గాలం దగ్గర వలయాల వంక చాలాసేపు చూశాడు. వెలుగంతా అక్కడ కిటికీ దగ్గరుంటే వీడు ఇక్కడికొచ్చి చీకట్లో ఏం చూస్తున్నాడో పెద్దల్లుడికి వెంటనే అర్థమైంది. ఆ చూపు అతనికి బాగా తెలిసిన చూపు. ఆరేళ్లు తన మొహం మీద మోసిన చూపు.

"అన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు. "దీని మసి ఒకటి తీసుకోనా?"

పెద్దల్లుడు తొందరపడలేదు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆ ప్రశ్న ఇంకా కాసేపు గాల్లో ఉంటే బాగుండుననుకున్నాడు. తరవాత తన పుస్తకం తెరిచి, అప్పటికే దాన్నుంచి తీసిపెట్టుకున్న రెండు మసి ముద్రల్లో కొంచెం మసకగా వచ్చినదాన్ని ఊడదీసి ఇచ్చాడు. మంచిది దాచుకున్నాడు.

ఆ సాయంత్రం భోజనానికి కూర్చుని మూడోసారి అన్నం పెట్టమన్నాడు. భార్య గరిటె పట్టుకుని అతని వంక తేరిపార చూసింది.

"బల్ల పోయినవాళ్లు ఇంత తింటారా? ఏమైంది మీకీవేళ?"

"నాకేం కాలేదు," అన్నాడు పెద్దల్లుడు, ముద్ద కలుపుకుంటూ. "మీ మరిదికే. కన్ను కుట్టింది."